చాముండి విల్లు, రావుగారి పోపు

కెనడాలోని మిల్టన్‌లో ఆ వీధి ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసిన ఇటుకల్లా ఉంటాయి. అయినా వెంకటేశ్వర రావు ఇంటిని కళ్ళకు గంతలు కట్టుకుని కూడా పట్టేయొచ్చు. పైన వంటగదిలోంచి ఇంగువ పోపు ఘుమాయింపు, కింద బేస్‌మెంట్‌లోంచి టప్ టప్‌మని చప్పుడు. ఘుమాయింపు ఆయనది, చప్పుడు ఆయన భార్య చాముండేశ్వరిది.

ఇన్సూరెన్స్ ఆఫీసులో రిటైరయ్యాక ఆయన వంటగదిని స్వాధీనం చేసుకున్నాడు. తణుకు మనిషి, చెయ్యి మంచిది. ఆవిడ ఇంకా ఉద్యోగంలోనే ఉంది. నీటి సరఫరా విభాగంలో ఇంజనీరు, వారంలో సగం రోజులు రైలెక్కి టొరంటో వెళ్ళొస్తుంది. రాగానే టీ కూడా తాగకుండా బేస్‌మెంట్‌లోకి దిగి, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు పక్కన నిలబడి, ఎదుటి గోడకి ఆనించిన స్పాంజి దిమ్మలోకి బాణాలు వదులుతుంది. ఆ తరవాతే టీ.

ఈ దేశంలో బాణంతో వేటాడేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది విళ్ళకి కప్పీలుంటాయి, గురి చూసే బిళ్ళలుంటాయి, లాగి పట్టుకుంటే బరువే తెలియదు. చాముండి విల్లు ఉత్త కర్ర. హికరీ చెట్టు దుంగ చీలిక ఒకటి తెచ్చి, గరాజ్‌లో రెండు చలికాలాలు కూర్చుని, చిత్రిక పట్టి, గాజుపెంకుతో గీకి, వంచి చూసి, మళ్ళీ గీకి, తన చేత్తో తాను చేసుకుంది. వింటి పై కొమ్మ కింది కొమ్మ కంటే వెంట్రుకవాసి ఎక్కువ వంగుతోందని ఒకసారి నెల రోజులు దాన్ని పక్కన పెట్టేసింది. భర్త మీద కూడా ఆవిడ అంత అలక ఎప్పుడూ పూనలేదు.

ఆవిడకి ఈ పిచ్చి కొత్తది కాదు. తండ్రి మారేడుమిల్లి పక్కన ఒక గూడెంలో బడిపంతులుగా చేసేవాడు. బడి వదలగానే పంతులుగారమ్మాయి గూడెం పిల్లలతో కలిసి వెదురు విల్లు పట్టుకుని మామిడి పిందెలు రాల్చేది. తరవాత కాకినాడ కాలేజీ, పెళ్ళి, కెనడా, ఒక కూతురు. యాభై దాటాక ఒకనాడు ఎక్కడో విలువిద్య క్లబ్బులో సరదాకి ఒక విల్లు చేతికిచ్చారట. వేళ్ళు నారి మీద పడగానే వాటంతట అవే సర్దుకున్నాయట. ఇంటికొచ్చి, "నా చెయ్యి మర్చిపోలేదండీ," అని ఆయన ముందు అరచెయ్యి చాపి చూపించింది. ఆ చేతిని ఆయన ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాడు గానీ, దాని వెనకున్న ముఖం అంతగా వెలగడం అదే మొదటిసారి.

కూతురు రిషిత వాంకూవర్ నుంచి ఫోన్లో, "సీరియస్‌లీ, మామ్? విత్ ఎ స్టిక్?" అంది.

"అవునే, స్టిక్కే," అంది తల్లి. "మీ నాన్నకి ఎలాగూ అలవాటే."

వేటకి లైసెన్సు వచ్చినా, వేటాడే చోటు దొరకాలి. మిల్టన్ చుట్టుపక్కల ఒకరి భూమిలో అనుమతి సంపాదించడమంటే పెళ్ళిసంబంధం కుదుర్చుకున్నంత పని. చాముండికి అది మార్గరెట్ దగ్గర కుదిరింది. మార్గరెట్ ఎనభై దాటిన ముసలమ్మ, ఒంటరిది. ఊరికి ఎగువన, కొండచరియ కింద ఆవిడకి మొక్కజొన్న చేను, చేను వెనక మేపుల్, దేవదారు చెట్లు కలిసిన అడవి చెక్క ఒకటి ఉన్నాయి. ఆవిడ బావి పంపు మొరాయిస్తే చాముండి రెండు ఆదివారాలు కూర్చుని బాగుచేసింది. ప్రతిఫలంగా ముసలమ్మ, "జింకలు నా ఆపిల్ మొక్కల్ని మొదలంటా కొరికేస్తున్నాయి, వచ్చి చూసుకో," అంది.

మూడు శరత్తులు గడిచాయి. ఆవిడ ఒక్క బాణమూ వదల్లేదు.

ఎందుకంటే ఆవిడకో కట్టుబాటు. ఉత్తకర్ర విల్లుతో దూరం నుంచి కొడితే జింక గాయపడి పోతుంది గానీ పడదు. అది పాపం, చేతకానితనం కూడా. అందుకని తమ హాలు ఈ గోడ నుంచి ఆ గోడకి ఎంతుందో అంతకన్నా దూరాన ఉన్న జింకని కొట్టనని ఒట్టు పెట్టుకుంది. జింకలేమో సరిగ్గా ఆ గీత దాకా వస్తాయి. ఆగుతాయి. ముక్కు పైకెత్తుతాయి. ముందుకాలితో నేలని తన్ని, ఫుస్సుమని ఒక్క ఊపిరి వదిలి, తెల్లటి తోక జెండాలా ఎత్తి మాయమైపోతాయి. గాలివాటం చూసుకునే కూర్చుంటోంది, బట్టలు వాసన లేని సబ్బుతో ఉతికి గరాజ్‌లో మూత డబ్బాలో దాస్తోంది. అయినా అదే ఫుస్సు.

"కొండపక్క గాలి సుడి తిరుగుతుందండీ. దాని బుద్ధి దానిదే," అనేది ఇంటికొచ్చి. ఓడిపోయి వచ్చిన మనిషి ముఖంలో ఓటమి ఉండేది కాదు. బుగ్గలు ఎర్రగా, కళ్ళు కడిగినట్టుగా ఉండేవి. ఏం చూసిందో చెప్పేది. ఉడత తన బూటు మీద కూర్చుని కాయ కొరికిందనీ, మంచు కరిగి ఆకు మీద నుంచి ఆకు మీదకి జారే చప్పుడు కూడా వినిపించిందనీ. వట్టి చేతులతో వచ్చి ఇంత సంబరమేమిటో రావుకి అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోయినా, ఆ ముఖం చూడడం కోసమే ఆయన ముందు లేచి పులిహోర కలిపేవాడు.

ఈ ఏడాది మాత్రం ఆవిడ కళ్ళలో ఒక తొందర కనిపించింది. మార్గరెట్ పొలం అమ్మేసింది. వసంతం రాగానే యంత్రాలు దిగుతాయి. చేను గట్టున అప్పుడే గులాబీరంగు రిబ్బన్లు కట్టిన సర్వే మేకులు దిగేశాయి. వచ్చే ఏటికి ఆ అడవి చెక్క ఉన్నచోట మరో వరుస ఇళ్ళు లేస్తాయి. ఒక అడవిని మూడేళ్ళు చదివాక, ఇంకో అడవి, ఇంకో అనుమతి, మళ్ళీ అఆల నుంచి మొదలు. యాభై ఏడేళ్ళ భుజం ఇంకెన్నాళ్ళు లాగుతుందో ఆవిడకే తెలియదు.

"ఒక్కటండీ," అంది ఒక రాత్రి అన్నం కలుపుతూ. "ఆ అడవిలో, ఆ కర్రతో, ఒక్కటి. తరవాత లేకపోయినా ఫరవాలేదు."

ఆవిడ ఏదైనా అలా అడగడం ఆయన వినలేదు ఎప్పుడూ. ఇల్లు కొనేటప్పుడు కూడా అడగలేదు, నిర్ణయించింది.

ఆ వారం పక్కింటివాళ్ళ పిల్లాడి పుట్టినరోజుకి వెళ్ళారు. పక్కింటి సుప్రజ కరీంనగర్ పిల్ల, నోరు కొంచెం చురుకు.

"ఆంటీ, గింత కష్టమెందుకు? కాస్ట్‌కోల మేకమాంసం దొరుకుతది కద," అంది పళ్ళెం అందిస్తూ.

"దొరుకుతుంది," అంది చాముండి. "కానీ అక్కడికెళ్తే నా చెవులు పనిచెయ్యవే."

"అంటే?"

"అడవిలో కూర్చుంటే కాసేపటికి చెవులు చేటలవుతాయి. ఎండుటాకు మీద ఎలుక నడిస్తే తెలుస్తుంది. చెట్టెనక గాలి తిరిగితే మెడ మీద తెలుస్తుంది. ఒంట్లో ఇన్ని తలుపులున్నాయని నాకూ తెలియదు, అక్కడికెళ్ళాకే తెరుచుకున్నాయి. నీ కాస్ట్‌కోలో బండి తోసుకుంటూ నడిస్తే ఏం తెరుచుకుంటుంది, పర్సు తప్ప."

సుప్రజ నవ్వేసింది. రావు మాత్రం ఆ మాటని కారులో ఇంటిదాకా మోసుకొచ్చాడు.

మర్నాడు చాముండి ఆఫీసుకి వెళ్ళగా, రావు ఒక డబ్బాలో గారెలు పెట్టుకుని మార్గరెట్ ఇంటికి వెళ్ళాడు. పొలం అమ్ముకున్న మనిషిని ఒకసారి పలకరించి రావడం మర్యాద కదా అని. ముసలమ్మ వరండాలో దుప్పటి కప్పుకుని కూర్చుంది. గారె కొరికి తలాడించింది.

"మిస్టర్ రావ్, మీ ఆవిడ ఇటు రావడం మానేస్తే నాకు పొద్దున్నే లేవడం కష్టమైపోతుంది," అంది.

"ఎందుకలా?"

"తెల్లారకుండా నా వాకిట్లోంచి అడవికి నడిచి వెళ్తుందా, నాకు మంచం మీదే మెలకువ వచ్చేస్తుంది, ఆకలితో. ఏం తాలింపు పెడతారో గానీ మూసిన కిటికీలోంచి కూడా వస్తుంది ఆ వాసన. మా కుక్క బతికుండగా తోక ఊపుకుంటూ అడవి దాకా ఆవిడ వెనకే పోయేది."

రావు ముందు పొంగిపోయాడు. తన పోపుకి కొండచరియ కింద కూడా పేరొచ్చిందని కారెక్కాడు. సగం దారిలో, ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు, ఆ పొంగు మీద చన్నీళ్ళు పడ్డాయి. ముసలమ్మ ముక్కుకే అందితే జింక ముక్కు సంగతేమిటి?

దీపం పచ్చగా మారినా ఆయన కదల్లేదు. వెనకవాడు హారన్ కొట్టాడు.

ఆయన చేసే పని ఏమిటంటే, చాముండి లేవకముందే లేచి, గరాజ్ డబ్బాలోంచి ఆవిడ ఉన్ని స్వెట్టరూ టోపీ తీసుకొచ్చి స్టవ్ పక్కన కుర్చీకి వేలాడేసేవాడు, వెచ్చబడతాయని. ఆ పక్కనే ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ చిటపటలాడిస్తూ పులిహోర పోపు. ఆ పులిహోర పొట్లం మళ్ళీ ఆవిడ సంచీలోనే. గోదావరి మనిషి పెళ్ళాన్ని చలిలోకి ఆకలితోనూ, చల్లటి బట్టతోనూ పంపుతాడా? ఇంగువ మధ్య పుట్టి పెరిగిన ముక్కులు కాబట్టి ఇద్దరిలో ఎవరికీ ఏ వాసనా తెలియలేదు. మూడేళ్ళుగా చాముండి ఆ అడవిలో దాక్కుని కూర్చుంది, పెళ్ళి పందిట్లో వంటశాలలా ఘుమఘుమలాడుతూ.

ఇంటికొచ్చి డబ్బా తెరిచి స్వెట్టరు వాసన చూశాడు. ఏమీ తెలియలేదు. దాన్ని పట్టుకెళ్ళి సుప్రజ తలుపు కొట్టాడు.

"అమ్మా, ఇది ఒకసారి వాసన చూసి చెప్పు. మొహమాటం వద్దు."

సుప్రజ ముక్కు దగ్గర పెట్టుకుంది. "అంకుల్, దీన్ని పిండితే సాంబారు కారుతది."

సాయంత్రం చాముండి రైలు దిగి వచ్చేసరికి రావు వంటగది మధ్యలో నిలబడి ఉన్నాడు. స్టవ్ చల్లగా ఉంది. ముసలమ్మ మాట, సుప్రజ తీర్పు రెండూ చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ ఆవిడ కోటు విప్పకుండా వింది. ఆయన ఆగాక స్వెట్టరు తీసుకుని ముఖానికి ఆనించుకుంది, భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని ఆయన దగ్గరికెళ్ళాడు. నవ్వుతోంది.

"గాలిని తిట్టానండీ మూడేళ్ళు," అంది కళ్ళు తుడుచుకుంటూ. "పాపం, గాలి."

"నన్ను తిట్టు పోనీ."

"మిమ్మల్ని తిడితే మళ్ళీ ఎవరు వెచ్చబెడతారు? కానీ ఒకటి వినండి. సీజను అయిపోయేదాకా ఈ ఇంట్లో పోపు గరిటె లేవకూడదు."

లేవలేదు. పప్పు ఉడికింది, పోపు పడలేదు. చారు కాగింది, పోపు పడలేదు. ఉడికించిన బంగాళాదుంప మీద ఉప్పు చల్లుకుని ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆస్పత్రి రోగుల్లా తిన్నారు. చాముండి బట్టలన్నీ మళ్ళీ ఉతికి, ఈసారి ఇంట్లో పెట్టకుండా మార్గరెట్ గడ్డివామి కొట్టంలో, ఎండుగడ్డి మధ్య దాచింది. వీధి చివర ఉండే దక్షిణామూర్తిగారు ఒకరోజు తలుపు కొట్టి, గొంతు తగ్గించి, "ఇండియా నుంచి ఏమన్నా కబురొచ్చిందా, రావుగారూ? వారమై మీ ఇంట్లో పోపు వాసన లేదు. మైలేమోనని మా ఆవిడ కంగారు పడుతోంది," అన్నాడు.

"మైల కాదండీ, వ్రతం," అన్నాడు రావు. "మా ఆవిడ పడుతోంది, నేను పాటిస్తున్నా."

నవంబరు సగమయ్యాక ఒక శుక్రవారం రాత్రి చాముండి, "రేపు మీరూ రండి," అంది. "కదలకుండా కూర్చోగలిగితేనే. తలకి నూనె పెట్టుకోకండి."

ఆ ఆహ్వానం విలువ ఆయనకి తెలుసు. ఆ మూడేళ్ళలో ఎవరినీ పిలవలేదు ఆవిడ.

గడ్డి వాసన వేసే బట్టలు కొట్టంలోనే మార్చుకుని, చీకట్లోనే అడవిలోకి నడిచారు. పడిపోయిన దేవదారు మొద్దు వెనక ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుంది. ఆయన ఇంకా వెనగ్గా, ఒక చెట్టుకి వీపు ఆనించి. మొదట ఆయనకి చలి తప్ప ఇంకేమీ తెలియలేదు. ముక్కు కారింది. పిర్రలు మొద్దుబారాయి. స్టవ్ మీద నూనె గుర్తొచ్చింది. తరవాత, ఎప్పుడో తెలియకుండానే, చప్పుళ్ళు ఒక్కొక్కటే రావడం మొదలైంది. ఎక్కడో నీళ్ళ చెమ్మ రాతి మీద నుంచి జారుతోంది. ఒక పిట్ట చెట్టు బెరడుని గోళ్ళతో పట్టుకుని తలకిందులుగా దిగుతోంది, ఆ గోళ్ళ గీకుడు కూడా వినిపిస్తోంది. ఆకాశం బూడిదరంగులోకి వచ్చి, చెట్లు ఒక్కొక్కటీ తమ తమ పేర్లు చెప్పుకుంటున్నట్టు విడివిడిగా నిలబడ్డాయి. చేటలంత చెవులంటే ఇవేనా అనుకున్నాడు.

చాముండి వీపు కనిపిస్తోంది. ఆ వీపు ఊపిరి పీలుస్తోందా లేదా అన్నట్టుంది. ఇంట్లో రిమోట్ కోసం ఇల్లంతా తిరిగే మనిషి, ఫోన్లో మాట్లాడుతూ గిన్నెలు సర్దే మనిషి, ఒక్క ఇంచీ కదలడం లేదు. అది బిగపట్టుకోవడం కాదు. మడుగులో నీళ్ళు కదలకుండా ఉన్నట్టు ఉంది.

ఆకులు కదిలాయి. ఒక మగజింక, కొమ్ములు రెండేసి పాయలుగా చీలినది, వయసు పోతు. చేను వైపు నుంచి, ఆపిల్ తినొచ్చిన బద్ధకంతో వస్తోంది. హాలు గీత దగ్గర ఆగింది. అది ముక్కు పైకెత్తింది. గాలి పీల్చింది.

ఫుస్సు రాలేదు.

తల దించి, ఆకుల్లో ఏదో వెతుక్కుంటూ గీత దాటింది. చాముండి అప్పుడు కూడా విల్లెత్తలేదు. అది ఎదురుగా చూస్తోంది, ఎదురు రొమ్ము మీద కొట్టకూడదట. జింక నడిచి నడిచి ఒక మేపుల్ మాను వెనక తల దాచుకుంది, ఒళ్ళు మాత్రం బయట, పక్కకి తిరిగి. అప్పుడు లేచింది ఆ భుజం. రోజూ సాయంత్రం ఆయన అమృతాంజనం రాసే భుజం. వింటి రెండు కొమ్మలూ సమంగా వంగాయి, నెల రోజుల అలక వృథా పోలేదు. ఆవిడ గురి చూడలేదు, అక్కడ చూడడానికి బిళ్ళా లేదు, గీతా లేదు. చూపు ఎక్కడుందో చెయ్యి అక్కడికి వెళ్ళింది. నారి వేళ్ళలోంచి జారిన చప్పుడు, ఎవరో చెవి దగ్గర గుడ్డ దులిపినట్టు, అంతే.

జింక ఒక్క దూకు దూకి దేవదారు గుబురులోకి పోయింది. కాసేపటికి లోపలెక్కడో కొమ్మ విరిగిన చప్పుడు. తరవాత ఏమీ లేదు.

రావు లేవబోయాడు. చాముండి వెనక్కి చూడకుండానే అరచెయ్యి కిందకి ఊపింది, కూర్చోమని. వెంటనే వెంటపడితే దెబ్బతిన్న జింక ఇంకా దూరం పోతుందట. చాలాసేపు కూర్చున్నారు. ఆ కూర్చోవడమే అన్నిటికన్నా కష్టమని ఆయనకి తోచింది.

ఆకుల మీద నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ వెళ్ళారు. ఎక్కువ దూరం పోలేదది. వాగు గట్టున, నిద్రపోయినట్టు పక్కకి వాలి ఉంది. బాణం సరిగ్గా పడింది, బాధ పడేంత సేపు దానికి ఇవ్వలేదు. చాముండి మోకాళ్ళ మీద కూర్చుని, దాని మెడ మీద చెయ్యి వేసి, ఇంకా వెచ్చగా ఉన్న బొచ్చుని ఒకసారి నిమిరింది. దండం పెట్టింది. తరవాత జేబులోంచి వేట లైసెన్సు ట్యాగ్ తీసి తేదీ దగ్గర చిన్న గాటు పెట్టింది.

"ఏమండీ," అంది. "మా గూడెంలో వేట పడితే, అక్కడున్న ప్రతి ఒక్కడికీ ఒక పోగు. బాణం వేసినవాడికి, దారి చూపినవాడికి, ఊరికే నిలబడి చూసినవాడికి కూడా. మా నాన్న మాంసం ముట్టడు. అయినా ఆయన గుమ్మంలో ఆకులో చుట్టి పెట్టి వెళ్ళేవాళ్ళు. వాటా వాటాయే."

"నాకూ ఉందన్నమాట అయితే."

"మీకు రెండు. పోపు మానినందుకు ఒకటి."

జింకని మార్గరెట్ కొట్టం దూలానికి కొన్నాళ్ళు వేలాడదీశారు. చలే ఫ్రిజ్జు. తరవాతి ఆదివారం టార్పాలిన్ పరిచి చాముండి పోగులు పెట్టింది, తొడ ముక్క, ఎముక ముక్క, కార్జం అన్నిట్లో పడేలా, ఎవరిది ఎవరికంటే పెద్దదని గొడవ రాకుండా. మార్గరెట్ ఒక పోగు. స్వెట్టరు మీద నిజం చెప్పిన సుప్రజకి ఒక పోగు. "నేనేం చేసిన ఆంటీ?" అంది సుప్రజ. "వాసన చూశావు కదే, అదీ వేటే," అంది చాముండి. దక్షిణామూర్తిగారు మాంసం ముట్టరు, అయినా కొమ్ముల జత ఆయనకి పంపింది, వ్రతఫలమని చెప్పి. కొట్టం గోడకి విల్లు ఆనించి ఉంది, నారి విప్పేసి, నిటారుగా.

రావు మార్గరెట్ వరండాలో గ్యాస్ పొయ్యి పెట్టాడు. చెయ్యి కట్టేసి ఉంచిన ఆ రోజులన్నిటి కసీ తీర్చుకున్నట్టు నూనె కాచి, ఆవాలు వేశాడు, ఎండుమిర్చి తుంచాడు, కరివేపాకు రెమ్మ దూశాడు, వెల్లుల్లి చితక్కొట్టాడు. అలవాటు చెయ్యి కాబట్టి చిటికెడు ఇంగువ కూడా పడిపోయింది. గుప్పున లేచింది పొగ. గాలి దాన్ని చేను మీదుగా, గులాబీ రిబ్బన్ల మీదుగా, అడవిలోకి పట్టుకుపోయింది.

కొట్టంలోంచి వస్తున్న చాముండి మెట్టు మీద ఆగిపోయింది. ముక్కు పైకెత్తింది, అచ్చం జింకలాగే. ఇన్ని రోజుల చప్పిడి కూడు తరవాత ఆవిడ ముక్కుకి మొదటిసారి అందింది అది.

"ఇంత వాసనా, ఇది?" అంది.

"ఇంతే. ముప్పై ఏళ్ళుగా ఇంతే."

"పాపం అవి," అంది అడవి వైపు చూస్తూ. "నేనైనా తోకెత్తి పారిపోయేదాన్ని."

"పారిపోలేదుగా," అన్నాడు రావు, మూకుడులో మాంసం వేస్తూ.

మార్గరెట్ అప్పటికే చేతిలో పళ్ళెం పట్టుకుని కూర్చుంది.